మన కాలువకు కింద ఇంకో ఊరుంది

ఇంట్లోంచి రోజూ బయటికి వెళ్లే మురుగు, చెత్త, మిల్లు బూడిద, పొలంలోంచి జారే యూరియా... ఇవన్నీ డెల్టాలో ఎక్కడ తేలుతున్నాయి? మండపేట నుంచి సముద్రం దాకా నీటి వెంట నడిచి చూస్తే...

ఏప్రిల్ వచ్చిందంటే ధవళేశ్వరం దగ్గర తలుపులు దించేస్తారు. దాళ్వా కోతలు ముగిసే వేళకి కాలువల్లో నీరు తగ్గుతూ తగ్గుతూ అడుగు తేలుతుంది. ‘కాలువలు కట్టేశారు’ అంటారు గోదావరి జిల్లాల్లో. ఊళ్లన్నీ అప్పటికే చెరువులు నింపేసుకుని, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా పొదుపుగా వాడుకుంటాయి.

ఆ నెలన్నర రోజుల్లో డెల్టాలో ఏ పట్నం మధ్యలోంచి వెళ్లే కాలువనైనా వంతెన మీద ఆగి చూడండి. మిగతా చోట్ల కంటే వంతెన కిందే సరుకు ఎక్కువ. బండి దిగకుండా విసరడానికి అంతకంటే వీలైన చోటు లేదు మరి. నల్లటి బురదలో సగం కూరుకుపోయిన క్యారీ బ్యాగులు, మూతి బిగించిన కవర్లలో కోడి ఈకలూ పేగులూ, డైపర్లు, మందు సీసాలు, పగిలిన దేవుడి పటాలు, కిందటి వినాయక చవితి నాటి వెదురు చట్రాలు. నీళ్లున్నన్నాళ్లూ పైకి పచ్చగా, చల్లగా కనిపించిన కాలువ, ఏడాది పొడవునా ఊరు రాసుకున్న ఖాతా పుస్తకాన్ని ఏప్రిల్‌లో తెరిచి చూపిస్తుంది.

ఆ పద్దులు ఎవరూ చెల్లు వేయరు. జూన్‌లో కొత్త నీరు ఈ అడుగు మీదుగానే పారుతుంది. కదిలేది కదిలిపోతుంది, నానేది నానుతుంది. కింద చాలా ఊళ్లు ఎండిన చెరువుల తూములు తెరుచుకుని ఆ నీటి కోసమే ఎదురుచూస్తుంటాయి. పర్యావరణం అనగానే మనకి ధ్రువాల్లో కరిగే మంచో, ఢిల్లీ పొగో గుర్తొస్తుంది. డెల్టాలో బతికేవాళ్లకి అది కాలువ గట్టు దగ్గరే మొదలవుతుంది. ఇక్కడ మనం వదిలించుకున్నది ఏదీ నిజంగా వదిలిపోదు. నీటి వాలున పోయి ఇంకో ఊరి గుమ్మంలో తేలుతుంది.

ఒకే నీరు, ఎన్నో ఊళ్లు

సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి కట్టిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి దాని కింద సాగయ్యేది పది లక్షల ఎకరాలకు పైమాటే. మన మండపేట తూర్పు డెల్టాలో ఉంది. మండపేట కాలువ పేరుతో ప్రత్యేకంగా ఓ పాయే ఉంది.

ఈ కాలువలు సాగుకే కాదు, పడవ ప్రయాణానికీ పనికొచ్చాయి. ధాన్యం బస్తాలతో పడవలు కాకినాడ రేవు దాకా సాగిన రోజుల జ్ఞాపకంగా లాకులు ఇంకా మిగిలున్నాయి. పడవలు పోయాయి కానీ మూడో పని మాత్రం పెరుగుతూనే ఉంది. అది తాగునీరు. కాకినాడ నగరం దాహం తీర్చేది సామర్లకోట, అరట్లకట్ట వేసవి చెరువులు. వాటిలోకి చేరేది ఈ తూర్పు డెల్టా కాలువల నీరే. మండపేట లాంటి ఊళ్లకి అటు పైన రాజమహేంద్రవరం ఉంది. ఆ నగరం మురుగు నల్లా ఛానెల్ గుండా గోదావరిలో కలిసేది బ్యారేజీకి ఎగువనే. అంటే పై ఊరి మురుగు మనం తాగుతున్నాం, మన మురుగు కింది ఊరు తాగుతోంది.

డెల్టాని రూపొందించినవాళ్లు దీన్ని ఊహించకపోలేదు. పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. పంట కాలువ మెరక మీద నడుస్తుంది, బోదెల్లోంచి చేలకి నీళ్లిస్తుంది. చేలో మిగిలిన నీరు పల్లంలో ఉన్న డ్రెయిన్‌లోకి దిగి సముద్రానికి పోతుంది. ఈ రెండూ కలవకూడదన్నదే డెల్టాకి మూలసూత్రం. పల్లెల్లో ఇప్పటికీ చాలావరకు అది నిలబడే ఉంది. చెడింది పట్నాల దగ్గర. యాభై వేలకు పైగా జనం ఉన్న ఊరు కాలువకి ఇరుపక్కలా పెరిగినప్పుడు, వీధి కాలువకి దగ్గరున్న పల్లం ఏదైతే అదే గమ్యం అయింది. ఎక్కువ చోట్ల ఆ పల్లం పంట కాలువే.

మురుగు కాలువల సంగతి ఇంకోలా చేదు. సప్త గోదావరుల్లో ఒకటిగా మన పెద్దలు లెక్కించిన తుల్యభాగ, రామచంద్రపురం ప్రాంతంలో ఇవాళ నీటిపారుదల శాఖ లెక్కల్లో ఓ డ్రెయిన్. సప్తసాగర యాత్రకి వెళ్లేవాళ్లు స్నానం చేయాల్సిన పాయల్లో అదీ ఉంది.

సెప్టిక్ ట్యాంకు వెనక పైపు

‘ముందు పై ఊరోళ్లకి చెప్పండి’ అన్న మాట డెల్టాలో ఏ గట్టు మీదైనా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. అయితే పై ఊరోళ్లూ ఆ మాటే అంటారు. కాబట్టి మన ఇంటి వెనక నుంచే మొదలుపెడదాం.

ఇరవై, పాతికేళ్లలో మరుగుదొడ్డి లేని ఇల్లు దాదాపు లేకుండా పోయింది. మంచిదే. తెల్లారకుండా చెంబు పట్టుకుని కాలువ గట్టుకి వెళ్లే బాధ ఆడవాళ్లకి తప్పింది. కానీ ఆ దొడ్డి కింద ఉన్న ట్యాంకు గురించి మేస్త్రీ తప్ప ఎవరూ ఆలోచించలేదు. సెప్టిక్ ట్యాంకులో బరువైనది అడుగున దిగుతుంది, పైన తేరిన నీరు ఓ పైపు గుండా బయటికి వస్తుంది. చూడటానికి తేటగా ఉన్నా ఆ నీళ్లలో రోగకారక క్రిములన్నీ ఉంటాయి. ఆ పైపు ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. మెట్ట ప్రాంతంలో అది సాగుతుంది. డెల్టాలో నేల జిగురు, రెండు మూడు మీటర్లు తవ్వితే నీళ్లు. వానాకాలంలో అయితే గుంతే పొంగుతుంది. అందుకే మేస్త్రీ ఆ పైపుని తెలివిగా వీధి కాలువలో కలిపేస్తాడు. వీధి కాలువ తీసుకెళ్లి పంట కాలువలో కలుపుతుంది.

ఇక ట్యాంకు నిండినప్పుడు వచ్చే బండి సంగతి. అది పీల్చుకున్న మలాన్ని ఎక్కడ ఒంపుతోందో డబ్బులిచ్చే ఇంటి యజమాని అడగడు. శుద్ధి చేసే చోటు లేని ఊళ్లలో అది డ్రెయిన్లోకో, చీకటి పడ్డాక ఏ కాలువలోకో చేరుతుంది. దీనికి దారి లేకపోలేదు. మలవ్యర్థాల శుద్ధి కేంద్రాన్ని వరంగల్ పెట్టుకుంది. మన డెల్టాలోనే వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం ఆ దారిలో నడిచింది. నగరమంతా తవ్వి పైపులు వేసే పెద్ద పథకానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేకపోవచ్చు. బండ్లన్నీ ఒకేచోట ఒంపేలా చేసి, ఆ ఒక్కచోట శుద్ధి చేయడం మాత్రం చిన్న పట్నానికీ అందే పనే. క్యారీ బ్యాగుల మీద మనం చేసే చర్చలో పదో వంతు ఈ పైపు మీద చేస్తే కింది ఊరికి మేలు ఎక్కువ జరుగుతుంది.

గుర్రపుడెక్కని ఎవరు పెంచుతున్నారు?

కాలువ గట్టు మీద నిలబడి ఒక్క గుర్రపుడెక్క మొక్కని పీకి చూడండి. ఆకు కాడ మధ్యలో ఉబ్బి ఉంటుంది, నొక్కితే లోపలంతా గాలి గదులు. కింద మూరెడు పొడవున నల్లటి వేళ్లు, ఈకల్లా విడివిడిగా. వాటిని విదిలిస్తే బురదతో పాటు షాంపూ ప్యాకెట్ ముక్క ఒకటి, గుట్కా కవరు ఒకటి, నాలుగు నత్తలు రాలతాయి. పక్క నుంచి సాగిన తీగకి ఇంకో రెండు పిల్ల మొక్కలు. అనువైన నీళ్లు దొరికితే రెండు వారాల్లో గుంపు రెట్టింపవుతుంది.

దక్షిణ అమెరికా నుంచి పూల అందం కోసం బ్రిటిష్ వాళ్ల కాలంలో ఈ దేశానికి తెచ్చుకున్న మొక్క ఇది. ఇవాళ డెల్టాలో కాలువ బాగుచేత అంటే సగం దీన్ని తీయడమే. ఏటా టెండర్లు పిలుస్తారు, పొక్లెయిన్లు దింపుతారు, గట్టు మీద కుప్పలు పోస్తారు. మొదటి వానకి సగం మళ్లీ నీళ్లలోకే జారుతుంది. డ్రెయిన్లు పూడుకుపోయి వానాకాలంలో చేలు మునిగితే రైతు తిట్టుకునేది దీన్నే. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు బాధ కూడా వాళ్ల గోడులో ఉంది.

కానీ ఆ మొక్కకి అన్నం పెడుతున్నది మనమే. దానికి కావలసింది నత్రజని, భాస్వరం. ఒక యూరియా బస్తా లెక్క చూద్దాం. బస్తా 45 కిలోలు, వేప పూతతో ధర 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. నీళ్లు నిలిచిన వరి చేలో పైరు అందుకునేది అందులో మూడో వంతు, మహా అయితే నలభై శాతం. మిగిలినదాంట్లో కొంత గాల్లో కలుస్తుంది, కొంత నేలలోకి దిగుతుంది, కొంత నీళ్లతో పాటు డ్రెయిన్లోకి పోతుంది. చల్లిన సాయంత్రమే వానొచ్చి గట్టు తెగితే రైతు డబ్బు నేరుగా గుర్రపుడెక్క పాలే.

యూరియా చవగ్గా దొరకడం వల్ల ‘ఇంకో అరబస్తా వేస్తే నష్టమేముంది’ అన్న అలవాటు వచ్చింది. ఆకు నల్లగా కమ్ముకుంటుంది, దోమ పట్టుకుంటుంది, దానికి మందు కొట్టాలి. ఆ మందూ కాలువకే. పాతవాళ్లు దాళ్వా కోశాక జీలుగో, జనుమో, పిల్లిపెసరో చల్లి పూత మీద కలియదున్నేసేవారు. ఎకరాకి ఒకటీ రెండూ బస్తాల యూరియా మిగిల్చే పని అది. రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం ఇదే దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఆ పథకానికి 2024లో పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఎకరా మొత్తం మార్చే ధైర్యం లేని రైతు అరెకరంతో మొదలుపెట్టవచ్చు. పచ్చిరొట్ట చల్లడానికి మాత్రం ధైర్యంతో పని లేదు, విత్తనం వేళకి దొరికితే చాలు.

దాళ్వాలో ఇంకో వీలు ఉంది. వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో చేను ఓసారి ఆరి, మళ్లీ తడవడం రైతుకి కొత్త కాదు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన చేలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు గట్టిది అది. తడిపి ఆరబెట్టే పద్ధతిలో మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని వరి పరిశోధనల్లో తేలింది. సార్వాలో పల్లపు చేలకి ఇది కుదరదు. కుదిరే దాళ్వాలో చేసినా లాభమే.

మిల్లులో వృథా లేదు, బూడిద తప్ప

మండపేట చుట్టుపక్కల గాలి పీల్చితే ఉడికిన ధాన్యం వాసన వస్తుంది. కేరళ వాళ్ల కంచంలోకి వెళ్లే ఉప్పుడు బియ్యం ఇలాంటి ఊళ్లలోనే తయారవుతాయి. చెత్త నుంచి సంపద అని ఇప్పుడు సదస్సుల్లో చెప్పే మాటని రైసు మిల్లు ఏనాడో చేసి చూపించింది. వంద కిలోల ధాన్యం ఆడితే అరవై ఏడు, అరవై ఎనిమిది కిలోల బియ్యం. నూకలు వేరే బేరం. తవుడు నూనె మిల్లుకి పోతుంది, నూనె తీసిన పిండి దాణాలో కలుస్తుంది. ఇరవై కిలోలకు పైగా వచ్చే ఊక ఆ మిల్లు బాయిలర్లోనే మండి ధాన్యాన్ని ఉడికిస్తుంది. మిగిలింది ఇటుక బట్టీలకి, కోళ్ల షెడ్లలో పరుపుకి. బొగ్గు కొనకుండా పంటతోనే పంటని ఉడికించే పరిశ్రమ ఇది.

లెక్క తప్పేది చివర్లో. ఊక కాలితే అయిదో వంతు బూడిద మిగులుతుంది. రోజుకి వంద టన్నులు ఆడే మిల్లు అనుకోండి. ఇరవై టన్నుల ఊక, నాలుగు టన్నుల బూడిద. ఇది పొయ్యి బూడిద కాదు. సిలికా నిండిన నల్లటి తేలిక పొర, ఊదితే లేస్తుంది. గొట్టంలోంచి వచ్చేది డాబా మీద ఆరేసిన బట్టల మీద, వడియాల మీద వాలుతుంది. టార్పాలిన్ కప్పకుండా ట్రాక్టర్లో తోలేది వెనకొచ్చే మోటారుసైకిలు వాళ్ల కళ్లలో పడుతుంది. గుంతల్లో పోసింది వానకి కాలువలోకి దిగుతుంది.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. గొట్టానికి దుమ్ము పట్టే యంత్రం పెట్టి, దాన్ని పర్మిషన్ కోసం కాకుండా రాత్రింబవళ్లు నడపడం. బూడిదని తడిపి, కప్పి తోలడం. ఈ బూడిదకి గిరాకీ కూడా ఉంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం చల్లారకుండా పైన కప్పడానికి, సిమెంటులో కలపడానికి, ఇటుకలకి వాడతారు. ఇంకోటి, ధాన్యం నానబెట్టిన నీళ్లు. టన్నుకి సుమారు వెయ్యి లీటర్లు. రంగు మారి, పులిసి, వాసన కొట్టే ఆ నీళ్లు శుద్ధి కాకుండా కాలువలో పడితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి. ఊరికి అన్నం పెట్టే పరిశ్రమ కాబట్టి మాట అనడానికి మొహమాటం. ఆ మొహమాటం ఊరికీ మంచిది కాదు, పరిశ్రమకీ మంచిది కాదు.

కోడి గుడ్డు వెనక

మండపేట, అనపర్తి వైపు ఫారాల గుడ్లు ఒడిశా, బెంగాల్ దాటి అసోం దాకా వెళ్తాయి. గుడ్డు వెళ్లిపోతుంది, రెట్ట ఇక్కడే ఉంటుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకి వంద గ్రాముల దాకా వేస్తుంది. లక్ష కోళ్లుంటే రోజుకి పది టన్నులు. పొడిగా ఉంటే అది బంగారం లాంటి ఎరువు, తడిస్తే ఈగల పుట్ట. తేడా అంతా నీళ్ల గొట్టం కారకుండా చూసుకోవడంలో, రెట్ట మీద సున్నమో ఊకో చల్లడంలో, కుప్పని కప్పి మాగబెట్టడంలో ఉంది. పచ్చి రెట్టని నేరుగా చేలో పోస్తే పైరు మాడుతుంది, వానకి కరిగి కాలువకి చేరుతుంది. రెండు నెలలు మాగిన ఎరువు కొబ్బరి తోటకీ, అరటికీ బలం. బయోగ్యాస్‌కి కూడా రెట్ట పనికొచ్చే ముడిసరుకే.

2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఉభయ గోదావరి జిల్లాలూ వణికాయి. కొన్నాళ్లు చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలన్నది నిబంధన. రోగం ఉన్నా లేకపోయినా పాటించాల్సిన నిబంధన అది. కాలువలో తేలే కోడి ఒక్క ఫారం యజమాని సమస్యగా ఆగదు, కింద ఉన్న ప్రతి ఫారానికీ పాకే సమస్య.

వెయ్యి మంది భోజనం

గోదావరి జిల్లాల మర్యాదకి పేరు పెట్టనక్కర్లేదు. పెళ్లికి వెయ్యి మంది వస్తే మనిషికి రెండు నీళ్ల సీసాల చొప్పున రెండు వేల సీసాలు. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం పళ్లెం ఒకటి, ఐస్‌క్రీమ్ కప్పు ఒకటి, స్వీటు కప్పు ఒకటి, టీ కప్పు రెండు. సగం తాగి వదిలేసిన సీసాలు, సగం తిని వదిలేసిన వంటకాలు, అన్నీ కలిసి ఓ ట్రాక్టరు. తెల్లారేసరికి ఫంక్షన్ హాలు శుభ్రంగా ఉంటుంది. ట్రాక్టరు ఎక్కడ దించిందో పెళ్లివారికి తెలియదు.

ఇక్కడ మార్పు కష్టమని ఎవరూ అనలేరు. రాష్ట్రంలోనే పేరున్న అరటి మార్కెట్టు రావులపాలెం పక్కనే ఉంది. అరిటాకు దొరకని ఊరు కాదిది. బంతి భోజనం పోయి బఫే వచ్చాక ఆకు పోయిందంటారు. నిజమే. కానీ బఫేకి స్టీలు కంచం ఏం చేసింది? తెలంగాణలో సిద్దిపేట వాళ్లు స్టీలు బ్యాంకులు పెట్టి పెళ్లిళ్లకీ, శుభకార్యాలకీ కంచాలు, గ్లాసులు అద్దెకిస్తున్నారు. మహిళా సంఘాలకి ఇదో ఆదాయం. మండపేటలో డ్వాక్రా సంఘాలకి కొదవ లేదు, శుభకార్యాలకి అసలే కొదవ లేదు.

చట్టం కూడా చాలామంది అనుకునే దానికంటే ముందుకు వెళ్లింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ ఉన్నాయి. శుభలేఖకి, మిఠాయి పెట్టెకి పైన చుట్టే పల్చటి పొర కూడా ఆ జాబితాలో ఉంది. మండపేట పక్కనే ఉన్న తాపేశ్వరం మడత కాజా పెట్టె ఏ ఊరికైనా వెళ్తుంది. ఆ పెట్టె ఆ పొర లేకుండా వెళ్తే కాజా రుచి తగ్గదు. క్యారీ బ్యాగు మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకి తగ్గకూడదు. కూరగాయల బండి దగ్గర చేతికొచ్చే సంచి అందులో సగం మందం కూడా ఉండదని వేళ్లతో తడిమితేనే తెలుస్తుంది.

చెత్త బండి వచ్చినప్పుడు

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. తడి చెత్తకి ఆకుపచ్చ, పొడి చెత్తకి నీలం, ప్రమాదకరమైన దానికి ఎరుపు. చెత్త పన్ను మీద గొడవ జరిగింది, ప్రభుత్వం మారింది, పన్ను పోయింది. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం ‘స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర’ జరుగుతోంది. ఇన్ని మారినా ఓ విషయం మారలేదు. చాలా ఇళ్లలో ఆకుపచ్చ బుట్టలో బియ్యమో, నీలం బుట్టలో ఉల్లిపాయలో ఉన్నాయి. చెత్త మాత్రం కలిపే ఇస్తున్నారు.

మన ఇంటి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. అది కలవకపోతే మిగతా సగం అమ్ముడుపోయే సరుకు. కలిస్తే రెండూ పనికిరావు. అట్టపెట్టెకి పప్పు అంటుకున్నాక పాత సామాన్ల వాడు కూడా ముట్టుకోడు.

ఇంట్లోనే ఎరువు చేసుకోవడానికి పెరడు లేకపోయినా డాబా చాలు. పాత ప్లాస్టిక్ బకెట్ అడుగున, పక్కలా ఇనుప చువ్వ కాల్చి కన్నాలు పెట్టాలి. అడుగున నాలుగు అంగుళాలు కొబ్బరి పీచు. దాని మీద రోజు కూర తొక్కలు, టీ పొడి, వాడిపోయిన పూలు. ప్రతిసారీ పైన రెండు గుప్పిళ్లు ఊక. డెల్టాలో ఉక్కపోతకి చెత్త తడి ఎక్కి కంపు కొట్టడమే పెద్ద చిక్కు, ఆ తడిని ఊక పీల్చుకుంటుంది, లోపలికి గాలి ఆడనిస్తుంది. వారానికోసారి పుల్లని మజ్జిగ చిలకరించి కర్రతో కలియబెట్టాలి. చేయి పెడితే వెచ్చగా తగలాలి, అప్పుడు సరిగ్గా నడుస్తున్నట్టు. చిన్న చిన్న ఈగలు కమ్ముకుంటే ఊక తక్కువైందని అర్థం. అన్నం, మాంసం మొదట్లో వేయకపోవడం మేలు. రెండు నెలలకి నల్లటి, మట్టి వాసన వేసే పొడి చేతికొస్తుంది. కడియం నర్సరీలో వందలు పోసి కొన్న గులాబీకి అంతకంటే మంచి తిండి లేదు.

సముద్రం దగ్గర బిల్లు

కాలువలు, డ్రెయిన్లు దాటుకుని ఈ నీరంతా కోరింగ వైపు చేరుతుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అక్కడి మడ అడవుల్లో బురదలోంచి వేలెడంత వేళ్లు పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తుంటాయి. మన క్యారీ బ్యాగు ఆఖరికి చిక్కుకునేది వాటికే. రొయ్య పిల్లకీ, పీతకీ ఊయల ఆ అడవి. తుపాను కెరటానికి అడ్డం కూడా అదే.

నీళ్లతో పాటు రావలసినది ఇంకోటి రావడం లేదు. అది ఒండ్రు. ఎగువన కట్టిన డ్యాముల్లో ఆగిపోవడంతో గోదావరి తెచ్చే మట్టి 1970ల్లో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులుండగా 1990ల నాటికి 5.7 కోట్ల టన్నులకి పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. డెల్టా అంటేనే నది తెచ్చిన మట్టి. కొత్త మట్టి రాకపోతే పాతది కుంగుతుంది, సముద్రం లోపలికి జరుగుతుంది. ఉప్పాడ తీరంలో ఇళ్లు కెరటాల పాలవుతుండటం చూస్తూనే ఉన్నాం. అంటే ఎగువ నుంచి మనకి రావలసిన మంచి మట్టి ఆగిపోయింది. మన నుంచి దిగువకి వెళ్లకూడని చెత్త ఆగడం లేదు. డ్యాముల సంగతి మన చేతిలో లేదు. రెండోది మన చేతిలోదే.

ఏది ముందు, ఏది తర్వాత

అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు రెండో నెలకి అన్నీ మానేస్తారు. మన ఊరి వరకు బరువుని బట్టి వరస పెడితే ఇలా ఉంటుంది.

• సెప్టిక్ ట్యాంకు పైపు ఎక్కడ కలుస్తోందో చూడండి. అపార్ట్‌మెంట్ అయితే సంఘం మీటింగులో అడగండి. శుద్ధి కేంద్రం కోసం వార్డు సభ్యుణ్ని నిలదీయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

• తడి చెత్త విడిగా ఉంచండి. బకెట్ ఎరువు కుదరకపోతే బండికైనా విడిగా ఇవ్వండి. బండిలో వాళ్లు కలిపేస్తే ఫొటో తీసి ఫిర్యాదు చేయండి, మానేయకండి.

• పొలం ఉంటే జూన్‌కి ముందు పచ్చిరొట్ట చల్లండి. యూరియా దఫాలుగా వేయండి, మబ్బు చూసి వేయండి.

• ఇంట్లో జరిగే తర్వాతి శుభకార్యానికి సీసాలు మాన్పించి నీళ్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టించండి. ఒక్క పెళ్లి మానేసే ప్లాస్టిక్ మీ కుటుంబం ఏడాదంతా గుడ్డసంచితో ఆదా చేసేదానికంటే ఎక్కువ.

• భోగి మంటలో టైర్లు, కుర్చీలు వేయకండి. పిడకల దండలు వేసే ఆచారం ఉన్న నేల ఇది. వినాయకుడు మట్టివాడైతే కాలువకి భారం కాడు.

• గుడ్డసంచి, బల్బులు, డాబా మీద సోలారు... ఇవన్నీ మంచివే. పై పనులకి బదులుగా కాదు, వాటితో పాటు.

గట్టు ఎవరిది?

1997 చట్టంతో రాష్ట్రంలో కాలువల బాధ్యత కొంతవరకు సాగునీటి సంఘాలకి వచ్చింది. 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టు రైతుది. ఆ కాలువ నీళ్లు తాగే పట్నానికీ, ఆ కాలువలో మురుగు కలిపే పట్నానికీ అందులో కుర్చీ లేదు. మున్సిపాలిటీ చెత్త చూసుకుంటుంది, నీటిపారుదల శాఖ నీళ్లు చూసుకుంటుంది, కాలుష్య నియంత్రణ మండలి మిల్లులు చూసుకుంటుంది. కాలువలో పడ్డ కవరు ఎవరి ఖాతాలోదో తేలదు.

కాలువలు కట్టేసిన నెలన్నరే ఈ ముగ్గురూ ఒక గట్టు మీద నిలబడగలిగే సమయం. అడుగు కనిపిస్తున్నప్పుడు ఏ పైపు ఎక్కడ తెరుచుకుందో దాచలేరు. మండపేట పరిధిలో కాలువలోకి దిగే ప్రతి గొట్టాన్నీ అప్పుడే లెక్కపెట్టి, పటం మీద గుర్తుపెట్టి, మున్సిపల్ ఆఫీసు గోడకి తగిలించవచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు. సర్వేయరు, ఇంజినీరు, సాగునీటి సంఘం అధ్యక్షుడు, కాలేజీ పిల్లలు ఓ పది మంది చాలు. ఏటా ఏప్రిల్‌లో ఆ పటం మీద ఎన్ని చుక్కలు చెరిగాయో చూస్తే ఊరు ఎంత మారిందో అర్థమవుతుంది. మొక్కలు నాటి ఫొటో దిగడం కంటే నమ్మకమైన కొలత అది.

కింది ఊరివాళ్లు వచ్చి మనల్ని అడగరు. ఏ ఊరి మురుగు తాగుతున్నారో వాళ్లకి తెలియదు కూడా. పై ఊరివాళ్లని మనం అడగవచ్చు, అడగాలి కూడా. కాకపోతే ఆ అడిగే రోజున మన పైపు మూసి ఉండాలి.